పెన్షన్ మీద వచ్చాక కూడా బడ్డీ కావాలి

నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరి సుబేదారుగా పెన్షన్ మీద వచ్చాను. సర్వీసులో ఎక్కువ కాలం మిలిటరీ ఆసుపత్రుల సైకియాట్రీ వార్డుల్లోనే గడిచింది. ఇప్పుడు మా శ్రీకాకుళం జిల్లాలో మాజీ సైనికుల సంఘం పనులు చూస్తుంటాను. మిలిట్రీకి పిల్లల్ని పంపని ఊరు మా జిల్లాలో వెతుక్కోవాలి. పశ్చిమ గోదావరిలోని మాధవరాన్నయితే జనం మిలిటరీ మాధవరమనే పిలుస్తారు. కుర్రాడు సైన్యానికి వెళ్తుంటే దండ వేసి రైలెక్కించడం మనకు బాగా తెలుసు. తిరిగొచ్చినవాడి మనసు బాగోకపోతే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. వార్డులో చూసిందీ ఊళ్లో చూసిందీ కలిపి రాస్తున్నాను. మాజీ సైనికుల కంటే ముందు వాళ్ల భార్యలు, అన్నదమ్ములు, తోటి ఫౌజీలు చదవాలని నా కోరిక.

1. కష్టమైన పోస్టింగు ఇంటి దగ్గరే

మిగతా ప్రభుత్వోద్యోగులు అరవై దాకా పనిచేస్తే సిపాయి ముప్పై ఐదు, నలభై మధ్యలోనే బయటికొచ్చేస్తాడు. పద్దెనిమిదేళ్లకు ఇల్లు వదిలినవాడికి తెల్లవారి పీటీ నుంచి రాత్రి రోల్‌కాల్ దాకా ఏ గంటకు ఏం చెయ్యాలో యూనిట్ చెప్పింది. వేళకు లంగర్లో అన్నం దొరికింది. ఫీల్డులో ప్రతి జవానుకూ ఒక బడ్డీ ఉంటాడు. ఒకడు కన్ను మూస్తే రెండోవాడు కాపలా కాస్తాడు. సియాచిన్ లాంటి చోట బడ్డీ కాలివేళ్లు మంచుకు నల్లబడుతున్నాయేమో చూడడం రెండోవాడి పని. డిశ్చార్జి బుక్ చేతికిచ్చిన రోజున ఇవన్నీ ఒక్కసారే పోతాయి.

ఇంటికొచ్చాక కొన్నాళ్లు సందడిగానే ఉంటుంది. ఆ తర్వాత తెలుస్తుంది. ఇన్నేళ్లూ ఇల్లు నడిపింది భార్య, పొలం చూసింది తమ్ముడు. కొడుకు దృష్టిలో తండ్రంటే సెలవుల్లో వచ్చి పోయే మనిషి. తన మాట ఎక్కడ చెల్లుతుందో ఎక్కడ చెల్లదో అతనికి అంతుబట్టదు. ఐదింటికి పిల్లల్ని లేపి చెప్పులు వరసగా పెట్టమని అరుస్తాడు. వాళ్లు తల్లి వెనక్కి వెళ్తారు. యుద్ధం చూసినవాడికే ఇలా అవుతుందనుకోకండి. ఒక్క గుండూ పేల్చని క్లర్కుకీ డ్రైవరుకీ ఈ వెలితి వస్తుంది. పెన్షన్ వచ్చిన రెండు మూడేళ్లకు కుంగిపోయినవాళ్లను నేను చాలామందిని చూశాను.

అందుకే మా సంఘంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. కొత్తగా పెన్షన్ వచ్చిన ప్రతివాడికీ పాత ఫౌజీ ఒకడు బడ్డీగా ఉంటాడు. వారానికోసారి ఆ ఇంటికెళ్లి టీ తాగి రావాలి. జబ్బున్నా లేకపోయినా వెళ్లాలి. "ఎలా ఉన్నావ్?" అంటే "ఫస్ట్‌క్లాస్ సాబ్" అనే వస్తుంది జవాబు, అది లెక్కలోకి రాదు. రాత్రి ఎన్నింటికి పడుకున్నాడు, మధ్యలో ఎన్నిసార్లు లేచాడు, భార్యతో మాటలున్నాయా, నిన్న పగలంతా ఎక్కడున్నాడు. ఇవి తెలుసుకుని రావాలి.

2. ఏడుపు కోసం ఎదురు చూడొద్దు

మనవాళ్లు మనోవ్యాధి అంటే గదిలో కూర్చుని ఏడవడమో, తనలో తాను మాట్లాడుకోవడమో అనుకుంటారు. ఫౌజీలో అది వేరే వేషంలో వస్తుంది. చిన్న మాటకు కంచం విసిరేస్తాడు. పెళ్లి భోజనాలకు వెళ్తే గోడకు వీపు ఆనించి, గుమ్మం కనబడే కుర్చీయే కావాలంటాడు. పడుకునే ముందు తలుపు గడియ వేసి, మళ్లీ లేచి చూసి, పెరటి గుమ్మం దాకా వెళ్లొచ్చి, గంటకోసారి అదే పని చేస్తాడు. దీపావళి వస్తోందంటే ఏదో వంకన ఊరు విడిచి వెళ్తాడు. గుండె దడ, గ్యాస్, నడుం నొప్పి అంటూ ఆర్‌ఎంపీల చుట్టూ తిరుగుతాడు, పరీక్షల్లో ఏమీ తేలదు. ఒకప్పుడు ఇష్టపడిన వాలీబాల్ వైపు కన్నెత్తి చూడడు.

ఈ లక్షణాలు నెల దాటితే డాక్టరు చూడాల్సిందే. ఒక్కోసారి సంఘటన జరిగిన ఎన్నో ఏళ్లకు పైకి వస్తాయి. ఇది కొత్త రోగమూ కాదు, పిరికితనమూ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లోనే, చార్లెస్ మైయర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు దీన్ని 'షెల్ షాక్' పేరుతో వైద్య పత్రికలో రాశాడు. వియత్నాం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికుల బాధ చూశాక, 1980లో అక్కడి సైకియాట్రిస్టుల సంఘం పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత మనసులో మిగిలే ఒత్తిడి జబ్బు) పేరుతో జబ్బుల పట్టికలో చేర్చింది. మన సైన్యంలో కూడా ప్రతి జవాను మెడికల్ కేటగిరీ రాసేటప్పుడు వాడే 'షేప్' అక్షరాల్లో మొదటిది మనసుకు సంబంధించిందే. చెవి, చెయ్యీ కాలూ, కన్ను అన్నీ దాని తర్వాతే.

3. ముందు భార్యనడగాలి

మా సంఘం తరఫున ఒక నాయక్ ఇంటికి వెళ్లాం. ఉత్తర కాశ్మీర్‌లో రాష్ట్రీయ రైఫిల్స్‌లో రెండుసార్లు చేసి వచ్చినవాడు. వసారాలో మాతో గంటసేపు బాగానే మాట్లాడాడు, నవ్వాడు. అతను టీ గ్లాసులు తీసుకుని లోపలికెళ్లినప్పుడు భార్య నాతో మెల్లగా అంది. "ఆయన పక్కన పడుకోవడం మానేసి ఆర్నెల్లయింది అన్నయ్యా. నిద్రలో నా గొంతు పట్టుకున్నారు. తెల్లారి చెప్తే నమ్మలేదు. మెడ చూపించాక గోడకు చేరబడి ఏడ్చారు. అప్పట్నుంచి ఆయనే అరుగు మీద పడుకుంటున్నారు."

ఆ ఒక్క మాటతో మాకు తెలిసింది, అతనితో గంటసేపు మాట్లాడినా తెలియలేదు. కాబట్టి బడ్డీగా వెళ్లే మగవాడి వెంట వాళ్లావిడ కూడా వెళ్లాలి. వంటింట్లో ఆడవాళ్లిద్దరూ మాట్లాడుకుంటే బయటపడేవి వసారాలో పడవు.

ఆమెకు చెప్పిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తాయి. అలాంటి మనిషిని నిద్రలో భుజం పట్టి కుదపకూడదు. మంచానికి దూరంగా, కాళ్ల వైపు నిలబడి పిలవాలి. ముందు లైటు వెయ్యాలి. "ఏవండీ, నేను చిన్నోడి అమ్మని, మనింట్లోనే ఉన్నాం" అని తాపీగా, రెండు మూడుసార్లు చెప్పాలి. కళ్లు తెరిచాక కూడా కాసేపు దగ్గరికి వెళ్లొద్దు. మంచినీళ్లు అందించి, పాదాలు నేల మీద ఆనించి కూర్చోమనాలి. కలలో ఏం వచ్చిందని అప్పుడే అడగొద్దు. పిల్లలకు కూడా ఇది నేర్పాలి, "నాన్నకు నిద్రలో పాత డ్యూటీ గుర్తొస్తుంది, నీ మీద కోపం కాదు" అని. పిల్లలు తప్పంతా తమదే అనుకుంటారు. తోటివాళ్ల నాన్నల్లా మా నాన్నెందుకు లేడని బడిలో ఎవరికీ చెప్పుకోలేరు.

ఇంకొకటి. ఆమెకూ నిద్ర లేదు. ఏళ్ల తరబడి మొగుడి మొహం చూసి ఆ పూట ఎలా గడుస్తుందో లెక్కవేసుకునే ఆడమనిషికి కూడా దిగులు జబ్బు వస్తుంది. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు ఆమెకూ వర్తిస్తుంది. డాక్టరు దగ్గర ఆయన చీటీ ఒక్కటే కాదు, ఆమె చీటీ కూడా రాయించాలి. ఆయన చెయ్యి చేసుకుంటుంటే మాత్రం "జబ్బు కదా, ఓర్చుకో" అనకండి. ఆమె, పిల్లలు ఆ రాత్రికి ఎక్కడ క్షేమంగా ఉంటారో ముందు చూడాలి. జబ్బు సంగతి ఆ తర్వాత.

4. క్యాంటీన్ సీసా

మాజీ సైనికులకు నెలనెలా క్యాంటీన్‌లో మద్యం కోటా ఉంది. సర్వీసులో చలిచోట్ల రమ్ము అలవాటైనవాడు, ఇంటికొచ్చాక నిద్ర కోసం అదే పట్టుకుంటాడు. మొదట్లో కన్ను మూతపడుతుంది. పోను పోను రెండు మూడింటికి మెలకువ వచ్చేస్తుంది, పీడకలలు ఎక్కువవుతాయి, మోతాదు పెరుగుతుంది. కోటా చాలక బయట కొంటాడు. ఊళ్లో "తాగుబోతు మిలిట్రీ" అని పేరు పడుతుంది. ఆ పేరు పడ్డాక లోపలి జబ్బు ఎవరికీ కనిపించదు.

బంధువులు చేసే పని ఒకటి నాకు భయం. గదిలో పెట్టి తాళం వేసో, దేవుడి మీద ఒట్టు వేయించో ఒక్కరోజులో మాన్పించేస్తారు. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవాడు హఠాత్తుగా మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతుల వణుకు, చెమటలు, ఫిట్స్ వస్తాయి. లేని మనుషులు, పురుగులు కనబడతాయి. ప్రాణం మీదికి రావచ్చు. దాన్ని గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లినవాళ్లూ ఉన్నారు. మాన్పించాలి, తప్పదు. అది ఆసుపత్రిలో, మందులిస్తూ, విటమిన్ ఇంజెక్షన్ వేస్తూ చెయ్యాల్సిన పని.

5. డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పొద్దు, తీసుకెళ్లాలి

"ఓసారి డాక్టరుకు చూపించుకో తమ్ముడూ" అని సలహా ఇచ్చి వచ్చేవాళ్లు చాలామంది. ఆ మాటతో వెళ్లినవాణ్ణి నేను చూడలేదు. బడ్డీ పొద్దున్నే బండి తీసుకుని గుమ్మం ముందు ఉండాలి. ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్ వరసలో పక్కన నిలబడాలి. బీపీ, షుగర్ చూపించుకుందామని బయల్దేరినా తప్పు లేదు. కానీ మెడికల్ ఆఫీసరు ముందు కూర్చున్నాక నిద్ర సంగతి, కోపం సంగతి దాచకుండా చెప్పించాలి.

ఈసీహెచ్‌ఎస్ 2003 ఏప్రిల్ 1న మొదలైంది. పెన్షన్ వచ్చే మాజీ సైనికుడు పాలీక్లినిక్‌కి వెళ్తే, అక్కడి డాక్టరు మిలిటరీ ఆసుపత్రికో, ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రికో రిఫరల్ రాస్తారు. మా ఉత్తరాంధ్రవాళ్లకు విశాఖలో నేవీవాళ్ల ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి ఉంది, చిన వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. తెలంగాణవాళ్లకు తిరుమలగిరి మిలిటరీ ఆసుపత్రి, ఎర్రగడ్డ ఉన్నాయి. ఎర్రగడ్డ పేరు చెప్తేనే జనం వెటకారంగా చూస్తారు. అక్కడ బాగుపడి వెళ్లినవాళ్లు ఎంతమందో ఆ చూసేవాళ్లకు తెలీదు.

మందుల గురించి ఇంట్లోవాళ్లకు నాలుగు మాటలు ముందే చెప్పి ఉంచాలి. సెర్ట్రలిన్, పారోక్సెటిన్ లాంటివి మొదలుపెట్టిన నాలుగు నుంచి ఆరు వారాలకు గానీ గుణం సరిగా కనిపించదు. మొదటి వారంలో కడుపులో తిప్పడం, తలనొప్పి ఉంటాయి. చాలామంది అక్కడే ఆపేస్తారు. పీడకలలకు ప్రజోసిన్ రాస్తే "ఇది బీపీ మాత్ర కదా, నాకెందుకు" అంటారు. బీపీకి వాడే మాటా నిజమే, పీడకలలకు వాడే మాటా నిజమే. అది వేసుకున్న మొదట్లో పక్క మీంచి గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి, అంచున కాసేపు కూర్చుని లేవాలి. బాగున్నానని సొంతంగా మానెయ్యడం, జ్వరం తగ్గిందని మలేరియా కోర్సు మధ్యలో ఆపడం లాంటిదే. నిద్రమాత్రలు మాత్రం డాక్టరు రాసినన్ని రోజులే, సొంతంగా కొనుక్కోకూడదు, మందు సీసాతో కలపనేకూడదు.

మాత్రలతోనే అయిపోదు. జరిగినదాన్ని శిక్షణ ఉన్న సైకాలజిస్టు ముందు, అదుపులో, వారం వారం చెప్పుకునే చికిత్స ఉంది. అది పనిచేస్తుంది. ఇక్కడ నేను గమనించిన సంగతి ఒకటుంది. మన కుర్రాళ్లు ఇంటి గొడవలు తెలుగులో చెప్తారు, బోర్డరు మీద జరిగింది హిందీలోనే చెప్తారు. ఆర్డర్లు, అరుపులు, చివరి మాటలు అన్నీ ఆ భాషలోనే విన్నారు గనుక. పూర్తిగా తెలుగులోనే చెప్పమని కౌన్సెలర్ పట్టుబడితే కథ ఆగిపోతుంది. రెండూ వచ్చినవాళ్లను వెతకండి, లేకపోతే బడ్డీని పక్కన కూర్చోబెట్టండి.

6. ఎంతమందిని చంపావని అడక్కండి

ఊరి రచ్చబండ దగ్గర ఫౌజీ కనబడగానే వచ్చే మొదటి ప్రశ్న అది. సమాధానం లేని ప్రశ్న. ఉన్నా చెప్పలేని ప్రశ్న.

వచ్చినవాణ్ణి ఎలా చేర్చుకున్నామన్నది గాయం మానడంలో పెద్ద భాగం. ఆపరేషన్ పవన్ రోజుల్లో జాఫ్నా నుంచి వచ్చిన జవాన్లకు సేవ చేశాను. 1987 నుంచి 1990 దాకా శ్రీలంకలో మన శాంతి సేన సుమారు 1,200 మందిని పోగొట్టుకుంది. కాలి కింద మందుపాతర ఎక్కడుందో తెలియక, ఎదుట ఉన్నవాడు శత్రువో సామాన్యుడో తేల్చుకోలేక నలిగిన కుర్రాళ్లు వాళ్లు. 1990 మార్చిలో చివరి దళం మద్రాసులో దిగినప్పుడు స్వాగతానికి తమిళనాడు ముఖ్యమంత్రి రాలేదు. రాజకీయ కారణాలు ఆయనకుండొచ్చు. కానీ "మమ్మల్ని ఎందుకు పంపారు, ఎందుకు పిలిచారు" అన్న ప్రశ్న ఆ కుర్రాళ్లను ఏళ్ల తరబడి తినేసింది. 1999లో కార్గిల్ వచ్చేసరికి టీవీ వార్తల ఛానళ్లు వచ్చాయి, దేశమంతా వీధుల్లో నిలబడింది. అదే సైన్యం, అవే గాయాలు. మనసు మానిన తీరులో ఆ తేడా నాకు వార్డులో తెలిసేది.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు, మరో 19 మంది అమరులయ్యారు. వాళ్లకు చేతులెత్తి మొక్కుదాం. ఆ రాత్రి బతికి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. పక్కవాడు పోయి తాను మిగిలినందుకు సిగ్గుపడే జవానును ఎంత ఓదార్చినా ఓదార్పు అందదు. "నువ్వు అదృష్టవంతుడివి" అనడం అతనికి శిక్ష. పోయినవాడి గురించి చెప్పమనండి. వాడు ఎలా పాడేవాడు, లంగర్లో ఏం దొంగిలించేవాడు, ఊరెక్కడ. పేరు పెట్టి మాట్లాడనివ్వండి.

7. రాత్రి కాపలా ఉద్యోగాలు

పెన్షన్ వచ్చినవాడికి వెంటనే దొరికేది ఏటీఎం దగ్గరో, గోడౌన్ దగ్గరో రాత్రి కాపలా. నిద్ర పాడైనవాడికి అది విషం. రాత్రంతా ఒంటరిగా చీకటిని చూస్తూ కూర్చోవడం మళ్లీ సెంట్రీ డ్యూటీయే. జీతం తగ్గినా పగటి పని, నలుగురితో పని వెతకాలి. కుర్రాళ్లకు రన్నింగు నేర్పే పని దొరికితే అంతకన్నా మంచిది లేదు.

8. కాగితం పారేయొద్దు

సర్వీసులో సైకియాట్రీ వార్డులో ఉన్న సంగతి ఇంట్లో తెలియకూడదని కేస్ షీట్లు చింపేసినవాళ్లున్నారు. అవే తర్వాత అన్నం పెట్టే కాగితాలు. సర్వీసు వల్ల మనసు చెడితే దానికీ డిసేబిలిటీ పెన్షన్ ఉంది. చేరేటప్పుడు ఆరోగ్యంగా ఉన్నట్టు రాసుకుని, తర్వాత జబ్బు వస్తే, కారణం సర్వీసు కాదని మెడికల్ బోర్డే సహేతుకంగా చూపాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో ఈ నియమాలు కొత్తగా రాశారు గనుక, ఎప్పుడు డిశ్చార్జి అయ్యారన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. సాయుధ దళాల ట్రిబ్యునల్ పని తెలిసిన వకీలును కలవండి. డిశ్చార్జి బుక్, పీపీఓ (పెన్షన్ ఆర్డరు), రిలీజ్ మెడికల్ బోర్డు కాగితాలు, ఆసుపత్రి చీటీలు ఒకే ఫైల్లో పెట్టి ఆ ఫైలు ఎక్కడుందో భార్యకు చూపించండి.

9. సూటిగా అడగాలి

అనుమానం వస్తే మెలికలు తిప్పకుండా అడగాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా తమ్ముడూ?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు. అలా పుట్టదు. వార్డులో అడిగి అడిగి తెలుసుకున్న సంగతి ఇది. ఎన్నాళ్లుగానో మోస్తున్న మాటను దించుకున్నట్టు ఊపిరి వదులుతారు. "అవును" అంటే రెండో ప్రశ్న వెయ్యాలి. "ఎలాగని అనుకున్నావు?" ఆ మార్గాన్ని ఆ సాయంత్రమే ఇంట్లోంచి తీసెయ్యాలి. మన ఊళ్లలో అది ఎక్కువగా పురుగుమందు డబ్బా. బ్యాంకుల్లో గన్‌మన్‌గా చేసేవాళ్లకు లైసెన్సు తుపాకి ఉంటుంది. దాన్ని బాగయ్యేదాకా పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేయించాలి. తుపాకి అడిగితే అతనికి అవమానంగా ఉంటుంది. అందుకే ఆ పని అతని కంటే సీనియరైన ఫౌజీ చెయ్యాలి. సీనియర్ మాట వినే అలవాటు ఇంకా పోలేదు. ఆ రాత్రి అతన్ని ఒంటరిగా వదలకూడదు. తెల్లారగానే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, పరిస్థితి చేయి దాటితే రాత్రే 108ని పిలవాలి.

ఫోన్లో మాట్లాడ్డానికి టెలీ మానస్ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. సాయుధ దళాల కోసం 2023 డిసెంబరు 1న పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీలో ప్రత్యేక విభాగం కూడా పెట్టారు. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవాడి మీద కేసు పెడతారని దాచేసే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ అతన్ని తీవ్ర ఒత్తిడిలో ఉన్న మనిషిగానే చూడమంది, శిక్షించొద్దంది, వైద్యం ఇచ్చే బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. అదే చట్టం రోగి వివరాలు గుట్టుగా ఉంచమని ఆసుపత్రిని ఆదేశించింది. కేసు భయంతో విషం తాగినవాణ్ణి ఇంట్లో ఉంచుకుని నాటు వైద్యం చేస్తే పోయేది ప్రాణం.

10. అగ్నివీరుల కోసం ఇప్పుడే

2022లో వచ్చిన అగ్నిపథ్‌లో కుర్రాళ్లు నాలుగేళ్లకే బయటికొస్తారు. నూటికి పాతికమంది దాకానే కొనసాగుతారు. మిగతావాళ్లకు సేవానిధి సొమ్ము వస్తుంది గానీ పెన్షన్ లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు. ఇరవై రెండేళ్లకు, ఇరవై మూడేళ్లకు ఇంటికి తిరిగొచ్చిన పిల్లవాణ్ణి ఊరు "వెనక్కి పంపేశారట" అంటుంది. పక్క మంచం వాణ్ణి ఉంచుకుని తనను పంపారన్న బాధ వేరే ఉంటుంది. వీళ్లలో మంచుకొండల మీద డ్యూటీ చేసినవాడుంటాడు, కాల్పులు చూసినవాడూ ఉంటాడు. వాళ్లకు పాలీక్లినిక్ గుమ్మం తెరుచుకోదు గనుక జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగం, 14416, మా సంఘం, ఇవే దిక్కు.

ఈ పిల్లలకు కూడా ఈసీహెచ్‌ఎస్ ఇవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం. కనీసం మనసుకు సంబంధించిన వైద్యమైనా ఇవ్వాలి. అడగాల్సిన చోట అడుగుతున్నాం. అది వచ్చేలోపు మా మండలంలో ఏ ఊరి నుంచి ఎవరు వెళ్లారో, ఎప్పుడు వస్తారో జాబితా రాసుకుంటున్నాం. ప్రతి పేరు పక్కన బడ్డీ పేరు కూడా రాస్తున్నాం. కుర్రాడు దిగే రోజున స్టేషన్‌కి ఆ బడ్డీ వెళ్తాడు. మీ మండలంలో సంఘం ఉంటే మీరూ మొదలుపెట్టండి. లేకపోతే ఇద్దరు పాత ఫౌజీలు, వాళ్ల భార్యలు చాలు, ఈ పని నడుస్తుంది.